రిజిస్టరులో ఒక వరుస, తోటలో ఒక రాయి: గతించినవారి జీవితాలను సంఘం ఎలా నిలుపుకోవాలి

తెలుగు క్రైస్తవ సంఘంలో ఒక మనిషి ప్రభునందు నిద్రిస్తే ఆ జీవితం తాలూకు ఆనవాళ్లు నాలుగు చోట్ల మిగులుతాయి. పాస్టరుగారి బీరువాలో ఉండే భూస్థాపన రిజిస్టరులో ఒక వరుస. సమాధుల తోటలో ఒక రాయి, అంత స్తోమత లేకపోతే మట్టిదిబ్బ మీద ఒక కర్ర సిలువ. జ్ఞాపకార్థ కూడికలో చదివిన జీవిత సంగ్రహం. ఇంట్లోవాళ్లూ, తోటివాళ్లూ చెప్పుకునే మాటలు.

ఈ నాలుగూ ఒకదానితో ఒకటి పొసగవు. రిజిస్టరులో ఒక తేదీ, రాయి మీద మరో తేదీ కనిపిస్తాయి. సంగ్రహంలో చెప్పిన వయసు బాప్తిస్మపు రిజిస్టరుతో సరిపోదు. తప్పు ఎవరిదని వెతికే ముందు ఏది ఎందుకు రాశారో గుర్తుపెట్టుకోవాలి. సంఘం ఈ మనిషిని ఎప్పుడు, ఎక్కడ, ఎవరి చేతుల మీదుగా సాగనంపిందో చెప్పడానికే రిజిస్టరు ఉంది. రాయి మీద కుటుంబం నిలవాలనుకున్నది ఉంటుంది. సంగ్రహంలో ఆ రోజు నలుగురి ముందు చెప్పదగ్గది ఉంటుంది. మనిషి నిజంగా ఎలా బతికాడన్నది మాత్రం నాలుగో చోటే ఉంటుంది. అది కాగితం మీద లేదు కాబట్టి, ఎరిగినవాళ్లతో పాటే వెళ్లిపోతుంది.

పేరున్నవాళ్లకు ఈ ఇబ్బంది లేదు. 1912 డిసెంబరు 29న అభిషేకం పొంది, 1945 జనవరి 1న కన్నుమూసిన దోర్నకల్ బిషప్ అజరయ్యగారి జీవితం గురించి పుస్తకాలే ఉన్నాయి. అదే కాలంలో పల్లెపల్లెకూ నడిచి రాత్రిబడులు నడిపిన ఉపదేశకుల పేర్లు సొంత సంఘాలకే తెలియని చోట్లు ఎన్నో. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కాలంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారన్న సంఖ్య చాలామంది బాప్టిస్టులకు నోటికి వచ్చు. వాళ్లలో మా ఊరివాళ్లు ఫలానా అని చెప్పగలిగేవాళ్లు అరుదు. సంఘాన్ని నిలబెట్టిన బైబిలు స్త్రీలు (ఇంటింటికీ వెళ్లి వాక్యం చెప్పినవాళ్లు), గంట కొట్టినవాళ్లు, ప్రేమవిందుకు పొయ్యి దగ్గర నిలబడినవాళ్లు ఇలాగే జారిపోతున్నారు. వాళ్లను నిలుపుకోవాలంటే పై మూడింటినీ సరిచూసుకోవాలి, నాలుగోదాన్ని సమయానికి రాసుకోవాలి.

రిజిస్టరు దగ్గర మొదలుపెట్టండి

కతోలికుల్లో మరణాల రిజిస్టరు ప్రతి విచారణలో, అంటే ఒక గురువు కింద ఉండే స్థానిక సంఘంలో, ఉండి తీరాలని శ్రీసభ చట్టంలోని 535వ సూత్రం చెబుతుంది. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్, బాప్టిస్టు సంఘాల్లోనూ రిజిస్టరు వాడుక ఉంది. స్వతంత్ర సంఘాల్లో మాత్రం పాస్టరుగారి డైరీయే రిజిస్టరు కావడం మామూలు. ఆయన వెళ్లిపోతే డైరీ కూడా వెళ్లిపోతుంది. అలాంటి సంఘం మొదట చేయాల్సిన పని, అట్టగట్టిన రెండు వందల పేజీల లాంగ్ బుక్కు ఒకటి కొని, పేజీలకు వరుస సంఖ్యలు వేసి, సంఘం పేరు మీద తెరవడం.

పాత రిజిస్టర్లలో ఒకే గడి పైన "తేదీ" అని ఉంటుంది. అది చనిపోయిన తేదీయా, భూస్థాపన తేదీయా తెలియదు. ఊళ్లో చనిపోతే తేడా ఒకటి రెండు రోజులే. కువైట్‌లోనో దుబాయ్‌లోనో చనిపోతే కాగితాలన్నీ పూర్తయి మృతదేహం ఇంటికి చేరడానికి వారాలు కూడా పట్టవచ్చు. కొత్త రిజిస్టరులో ఈ రెండింటికీ వేర్వేరు గడులు పెట్టాలి. ఇంకో చిక్కు రాత్రి మరణాలతో వస్తుంది. తెల్లవారుజామున రెండింటికి ప్రాణం పోతే ఇంట్లోవాళ్లు "సోమవారం రాత్రి" అంటారు, మరణ ధ్రువపత్రంలో మంగళవారం తేదీ ఉంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. తేదీ పక్కన గంట కూడా రాస్తే వర్ధంతి ఏ రోజన్న వాదన తర్వాత రాదు.

పేర్ల దగ్గర జరిగే నష్టం ఇంతకన్నా పెద్దది. ఒకే సంఘంలో ఐదుగురు మరియమ్మలు, నలుగురు యేసుదాసులు ఉంటారు. ఇంటిపేరు లేకుండా "మరియమ్మ, 60 సం." అని రాసి ఉంటే ఇరవై ఏళ్ల తర్వాత అది ఎవరికీ చెందని వరుస. ఆడవాళ్లకు భర్త పేరు మాత్రమే రాయడం వల్ల పుట్టింటి ఇంటిపేరు పోతుంది. దాంతో బాప్తిస్మపు రిజిస్టరులో ఉన్న పిల్లా, భూస్థాపన రిజిస్టరులో ఉన్న ముసలమ్మా ఒకరేనని తేల్చే దారి మూసుకుపోతుంది. కాబట్టి ఆడవాళ్లకు తండ్రి పేరు, భర్త పేరు రెండూ రాయాలి. బాప్తిస్మపు పేరు, రేషన్ కార్డులో పేరు, ఊళ్లో పిలిచే పేరు మూడూ వేరైతే మూడూ రాయాలి. "పెద్ద మరియమ్మ", "బడి మరియమ్మ" లాంటి పిలుపు పేర్లను చులకనగా చూడొద్దు, అరవై దాటినవాళ్లు మనిషిని గుర్తుపట్టేది వాటితోనే.

వయసు గడిలో 60, 70, 80 లాంటి సున్నాతో ముగిసే అంకెలు వరుసగా కనిపిస్తే అవి అంచనాలని అర్థం. పుట్టిన సంవత్సరం తేల్చాలంటే అందరికీ తెలిసిన సంఘటనను పట్టుకోవాలి. కృష్ణా డెల్టాలో దివిసీమ ఉప్పెన (1977 నవంబరు 19), గోదావరి జిల్లాల్లో 1986 ఆగస్టు వరదలు, తెలంగాణలో 1948 సెప్టెంబరు పోలీసు చర్య. "ఉప్పెనప్పటికి పెద్దపిల్ల చంకలో ఉంది" అన్న మాట నుంచి రెండు మూడేళ్ల తేడాతో వయసు లెక్క తేలుతుంది. అలా తేల్చిన సంవత్సరం పక్కన "సుమారు" అని రాయాలి. ఆ ఒక్క మాట వదిలేస్తే మన అంచనాయే తర్వాతివాళ్లకు రుజువైపోతుంది.

ఖాళీలు ఎక్కడుంటాయో ముందే ఊహించవచ్చు. 2020, 2021 కోవిడ్ నెలల్లో ఎన్నో అంత్యక్రియలు పాస్టరు లేకుండా మున్సిపల్ సిబ్బంది చేతుల మీదుగా జరిగాయి, అవి సంఘం రిజిస్టరుకు ఎక్కలేదు. సంఘ బదిలీ పత్రం తీసుకుని హైదరాబాద్ వెళ్లి, అక్కడే చనిపోయి, సొంతూళ్లో భూస్థాపన అయినవాళ్లు రెండు సంఘాల రిజిస్టర్లలోనూ లేకపోవచ్చు, రెండింటిలోనూ ఉండొచ్చు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో తెలుగు సంఘంలో ఉండి చనిపోయినవాళ్ల సంగతీ అంతే. కుటుంబం సొంతూరి సంఘానికి ఒక ఉత్తరం రాస్తే "ఇతర స్థలంలో భూస్థాపన" అని వేరే పేజీలో ఎక్కించుకోవచ్చు. ఇక్కడే భూస్థాపన అయినవాళ్ల వరుసల్లో వాటిని కలపకూడదు, వరుస సంఖ్య దెబ్బతింటుంది.

సంఘం ఇచ్చే భూస్థాపన పత్రం ప్రభుత్వ మరణ ధ్రువపత్రానికి బదులు కాదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల్లో పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో నమోదు చేయించాలి. 30 రోజుల వరకు ఆలస్య రుసుముతో, ఏడాది లోపల అధికారి అనుమతితో అవుతుంది. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. దుఃఖంలో ఉన్న ఇంటికి ఆదరణ కూడిక రోజునే ఈ సంగతి గుర్తుచేసే బాధ్యత ఒక సంఘపెద్దకు అప్పగించడం మంచిది.

రాయి ఏం చెబుతుంది, ఏం దాస్తుంది

పల్లెల్లో సమాధులకు ఏటా సున్నం వేస్తారు. ప్రేమతో చేసే ఆ పనే అక్షరాలను పూడ్చేస్తుంది. పది పూతలు పడేసరికి చెక్కిన గాడి నిండిపోతుంది. ఆ తర్వాత పెయింటరును పిలిచి నల్లరంగుతో అక్షరాలు దిద్దిస్తారు. అతను కనిపించినదాన్ని బట్టి దిద్దుతాడు, 3 కాస్తా 8 అవుతుంది, 1 కాస్తా 7 అవుతుంది. తెలుగు అంకెలున్న పాత రాళ్ల మీద ౨, ౩ అరిగిపోతే ఒకలాగే ఉంటాయి. కాబట్టి రాయి మీద రంగుతో ఉన్న తేదీని ఒక్కదాన్నే నమ్మకూడదు. వేలితో తడిమి చెక్కిన గాడి ఎక్కడుందో చూడాలి.

అరిగిన అక్షరాలు చదవడానికి పొద్దున్నే ఏడింటికి లేదా సాయంత్రం ఐదింటికి వెళ్లాలి. ఎండ పక్కనుంచి పడితే గాడిలో నీడ నిలుస్తుంది. మిట్టమధ్యాహ్నం ఏమీ కనిపించదు. ఎండ లేని వైపున్న రాయికి ఇద్దరు కావాలి. ఒకరు నిలువుటద్దం పట్టుకుని వెలుగును రాయి మీదికి ఏటవాలుగా మళ్లిస్తే, ఇంకొకరు ఫొటో తీయాలి. శుభ్రం చేయడానికి నీళ్లు, మెత్తటి కుంచె చాలు. తీగ బ్రష్షు, యాసిడ్, బ్లీచింగు వాడితే పాలరాయి పైపొర లేచిపోతుంది, దాంతోపాటే అక్షరమూ పోతుంది. సుద్దపొడి రుద్ది చదవడం కూడా మానాలి, ఆ పొడి రాయి రంధ్రాల్లో ఉండిపోతుంది. కొత్తగా చెక్కించేవాళ్లకు ఒక సలహా. నల్ల గ్రానైటు మీద లోతుగా చెక్కిన అక్షరమే నిలుస్తుంది, పైపైన గీరినట్టుండే బొమ్మలూ అక్షరాలూ వెలిసిపోతాయి. చెక్కేవాడికి నోటిమాటగా చెప్పకుండా కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసిచ్చి, చెక్కే ముందు గీసిన గీతలను ఇంట్లోవాళ్లు ఒకరు చదివి చూడాలి.

సమాధుల తోటకు పటం గీసేటప్పుడు ఫోను జీపీఎస్ మీద ఆధారపడొద్దు. ఆరుబయట కూడా అది మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. సమాధి వెడల్పు మూడడుగులు, పొడవు ఏడడుగులు అనుకుంటే ఆ తేడాలో మూడు నాలుగు సమాధులు కలిసిపోతాయి. జీపీఎస్‌తో తోట నాలుగు మూలలూ గుర్తించి, లోపల వరుసలకు అక్షరాలు, సమాధులకు అంకెలు ఇచ్చుకోవాలి. కొలత టేపును ఎప్పుడూ గేటు స్తంభం నుంచో బావిగట్టు నుంచో, అంటే కదలని చోటినుంచే మొదలుపెట్టాలి. చెట్టు నుంచి కొలిస్తే చెట్టు పడిపోయాక పటం పనికిరాదు. రాయి లేని దిబ్బలను కూడా లెక్కపెట్టి అంకె ఇవ్వాలి. కాలవగట్టునో పోరంబోకులోనో ఉన్న మాలమాదిగ పల్లెల సమాధుల తోటల్లో ఇలాంటివే ఎక్కువ. ఆ స్థలానికి పట్టా లేనిచోట ఈ పటమే రేపు "ఇక్కడ మావాళ్లున్నారు" అని చూపించగల కాగితం. నగరాల్లో చోటు చాలక ఒకే కుటుంబ సమాధిని మళ్లీ తెరవడం ఉంది కాబట్టి, ఒక అంకె కింద ముగ్గురు నలుగురి పేర్లు వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు. పాత రాయి పక్కకు తీసి కొత్తది పెట్టే ముందు పాతదాన్ని ఫొటో తీసే అలవాటు ఒక్కటి పెట్టుకుంటే చాలు.

జీవిత సంగ్రహం ఎందుకు చప్పగా ఉంటుంది

"భక్తిపరురాలు, ప్రార్థనాపరురాలు, అతిథులను ఆదరించేది, పిల్లలను దైవభయంలో పెంచింది." ఈ నాలుగు మాటలూ తెలుగు సంఘాల్లో చదివే సంగ్రహాల్లో సగానికి సగం వినిపిస్తాయి. అబద్ధాలు కావు. కానీ ఆమెను చూడనివాళ్లకు వీటిలో ఆమె కనిపించదు.

కారణం, సంగ్రహం రాసేది కొడుకో కూతురో. పైగా మూడో రోజు ఆదరణ కూడికకు ముందు రాత్రి, ఏడుపు మధ్య. పిల్లలకు తల్లి తెలిసేది ఆమెకు పాతికేళ్లు దాటాకే. అంతకుముందున్న బతుకు ఆమె అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు, చిన్ననాటి స్నేహితురాలికి తెలుసు. కాబట్టి వివరాలు అడగాల్సింది మొదట తోబుట్టువులను, తర్వాత తోటి సంఘస్తులను, చివరగా పిల్లలను. మూడో రోజుకు తేదీలు, కుటుంబం వివరాలతో ఒక పేజీ చాలు. అసలు జీవితం రాయడానికి నలభయ్యో రోజు కూడిక వరకు, ఆ కూడిక చేయని సంఘాల్లో మొదటి వర్ధంతి వరకు గడువు పెట్టుకోవచ్చు. బంధువులంతా కలిసేది కూడా ఆ రోజుల్లోనే.

అడిగే ప్రశ్న మీద అంతా ఆధారపడి ఉంటుంది. "ఆమె ఎలాంటి మనిషి?" అని అడిగితే "చాలా మంచిది" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. గుడిలో ఎక్కడ కూర్చునేది? ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఏ పాట ఎత్తుకునేది? పంట కానుకల పండుగకు ఏం తెచ్చేది? ఏ పనికి కూలికి వెళ్లింది, రోజుకు ఎంత వచ్చేది? అక్షరాలు ఎవరి దగ్గర నేర్చుకుంది, అసలు నేర్చుకుందా? ఎవరితో మాటలు లేకుండా ఉండేది, మళ్లీ ఎలా కలిశారు? ఇలా అడిగితే జవాబుగా ఒక రోజు, ఒక చోటు, ఒక పని వస్తాయి. "ప్రార్థనాపరురాలు" అన్నదాని బదులు "నాట్లకు వెళ్లేముందు నాలుగింటికి లేచి, కాన్పుకు ఉన్న ఆడవాళ్ల పేర్లు ఒక్కొక్కటీ చెప్పి ప్రార్థించేది" అని రాయగలిగితే ఆ సంగ్రహం నిలుస్తుంది.

ఇంట్లో వెతకాల్సినవి రెండున్నాయి. కుటుంబ బైబిలు ముందు పేజీల్లో పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు రాసి ఉంటాయి. ఆ రాతలన్నీ ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో ఉంటే తర్వాతెప్పుడో ఒకేసారి ఎక్కించారని అర్థం, వేర్వేరుగా ఉంటే ఎప్పటికప్పుడు రాసినవి కాబట్టి ఎక్కువ నమ్మవచ్చు. రెండోది పాటల పుస్తకం. మార్జిన్లలో తేదీలు, ఉజ్జీవ కూడికల ఊర్లు, అప్పటి పాస్టర్ల పేర్లు రాసుకునే అలవాటు పాతతరంలో చాలామందికి ఉండేది.

చదవడానికి నాలుగైదు నిమిషాలు మించకూడదు. నిమిషానికి సుమారు వంద మాటల లెక్కన నాలుగు నుంచి ఐదు వందల మాటలు. అంతకన్నా ఎక్కువ సమాచారం ఉంటే ఫైలులో ఉంచి, కూడికలో కొంతే చదవాలి.

తమ జీవిత కథను తామే రాసి పెట్టుకునే సంప్రదాయం ఒకటి మొరేవియన్ సంఘం అనే పాత ప్రొటెస్టంటు శాఖలో ఉంది. 18వ శతాబ్దం నుంచి జర్మనీలోని హెర్న్‌హూట్‌లో సభ్యులు తమ ఆత్మీయ ప్రయాణాన్ని రాసి ఉంచేవారు. చనిపోయాక చివరి రోజుల వివరాన్ని ఇతరులు కలిపి, భూస్థాపనలో చదివేవారు. పనివాళ్లు, సేవకురాళ్లు కూడా రాశారు కాబట్టి, చరిత్ర పుస్తకాల్లో ఎక్కడా లేని మనుషుల మాటలు అక్కడి భాండాగారాల్లో వేల సంఖ్యలో దొరుకుతున్నాయి. సమాధులకు కూడా అందరికీ ఒకే తీరు పలకరాయి. మన సంఘాల్లో రాయలేని పెద్దలు ఎందరో ఉన్నారు, కానీ ఫోనులో రికార్డు చేయడానికి రాత రానక్కర్లేదు. డెబ్బై దాటిన ప్రతివారి దగ్గరా ఒక గంట మాట రికార్డు చేయించడం యౌవనస్తుల సహవాసం చేయగల గొప్ప పని. రికార్డు మొదట్లో పేరు, ఊరు, తేదీ నోటితో చెప్పించాలి. ఫైలు పేరు మారిపోయినా ఆ గొంతు ఎవరిదో తెలుస్తుంది.

ప్రార్థన విషయంలో తేడా

నవంబరు 2న కతోలికులు మృతుల ఆత్మల కోసం పూజ చెప్పిస్తారు, ఉత్తరించు స్థలంలో (పరలోకానికి ముందు ఆత్మలు శుద్ధి పొందే చోట) ఉన్నవారికి ఆ ప్రార్థన తోడవుతుందని వారి విశ్వాసం. ప్రొటెస్టంటు సంఘాలు మృతుల కోసం ప్రార్థించకుండా, వారి జీవితాల కోసం దేవునికి కృతజ్ఞతలు చెబుతాయి. లూథరన్ల ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 21వ అంశం పరిశుద్ధులను విశ్వాసానికి మాదిరిగా గుర్తుంచుకోమంటుంది, వారిని వేడుకోవడాన్ని ఒప్పుకోదు. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్లి కొవ్వొత్తులు వెలిగించే ప్రొటెస్టంటు సంఘాలు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. అక్కడ ప్రకటించేది పునరుత్థానాన్ని. అయినా రాయి మీద "ఆత్మకు శాంతి కలుగుగాక" అని ప్రొటెస్టంటు కుటుంబాలు చెక్కించడం, ఆ తర్వాత సంఘంలో మాటామాటా రావడం మామూలైపోయింది. రాయికి ఆర్డరు ఇచ్చే ముందే పాస్టరుగారికి ఆ వాక్యం చూపిస్తే సరిపోతుంది. ప్రకటన 14:13, 2 తిమోతి 4:7 రెండు పక్షాలకూ అభ్యంతరం లేని వచనాలు.

ఏది బయటపెట్టాలి, ఏది దాచాలి

ఇక్కడ చాలా జాగ్రత్త కావాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితులకు ఎస్సీ హోదా లేదు, తెలుగు రాష్ట్రాల్లో వారు బీసీ-సీ కిందికి వస్తారు. అందువల్ల ఎన్నో కుటుంబాల్లో సంఘం పుస్తకంలో ఒకటి, ప్రభుత్వ కాగితాల్లో మరొకటి ఉంది. తాతగారి బాప్తిస్మం తేదీ, ఇంటిపేరు, ఊరు, బతికున్న మనవల పేర్లు కలిపి ఇంటర్నెట్‌లో పెడితే, ఎవరూ ఊహించని చోట మనవడి ఉద్యోగానికి చిక్కు రావచ్చు. ఆ చట్టం న్యాయమా కాదా అన్నది వేరే పెద్ద చర్చ. జ్ఞాపకాల పుస్తకం తయారుచేసేవాళ్లు మాత్రం రెండు ప్రతులు ఉంచుకోవాలి. పూర్తి వివరాలున్నది సంఘం బీరువాలో, బతికున్నవారి పేర్లు తీసేసినది అందరి చేతుల్లో.

మరణ కారణం బయటి ప్రతిలో అక్కర్లేదు. ఆత్మహత్య, దీర్ఘవ్యాధి, తాగుడు, రెండో కుటుంబం, సంఘ క్రమశిక్షణ కింద వెలివేత, ఇలాంటివి ఇంట్లోవాళ్ల సమ్మతి లేకుండా రాయకూడదు. అలాగని లేనిది కల్పించి రాయడం కూడా మనిషిని పోగొట్టుకోవడమే. రాయలేని సంగతిని వదిలేయండి, దాని చోట అబద్ధం పెట్టకండి. రెండో భార్య పిల్లల పేర్లు కొట్టేయాలని ఒత్తిడి వస్తే ఏ పిల్లల పేర్లూ రాయకుండా "పిల్లలు, మనవలు ఉన్నారు" అనడం న్యాయం.

పేర్లు చదివే రోజు

ఏడాదిలో గతించినవారి పేర్లు ఆరాధనలో చదవడానికి నాలుగు సెకన్లకు ఒక పేరు సరైన వేగం. ఆ లెక్కన 120 పేర్లకు ఎనిమిది నిమిషాలు. ఇంతకన్నా వేగంగా చదివితే హాజరు పిలిచినట్టుంటుంది. జాబితా మూడు ఆదివారాల ముందే ప్రకటించి, నోటీసు బోర్డు మీద పెట్టి, దిద్దుబాట్లకు ఆఖరి రోజు చెప్పాలి. ఒక పేరు జారిపోతే ఆ ఇల్లు ఏళ్ల తరబడి మర్చిపోదు. చదివేవాళ్లు ముందురోజే ఇంటిపేర్లన్నీ పైకి చదువుకుని, తెలియనివి అడిగి తెలుసుకోవాలి.

భద్రపరచడం గురించి కొద్దిగానే చెప్పాల్సి ఉంది. పాత రిజిస్టరును లామినేషన్ చేయించొద్దు, వేడికి కాగితం దెబ్బతింటుంది, మళ్లీ విడదీయలేరు. సెలోటేపు పసుపుపచ్చ మరకై సిరాను తినేస్తుంది. బీరువాను గోడకు ఆనించకుండా జానెడు దూరంలో, నేలకు అరడుగు ఎత్తున పెడితే చెదలు ఎక్కడం కంటికి కనిపిస్తుంది. అట్ట నుంచి అట్ట దాకా, ఖాళీ పేజీలతో సహా, నీడపట్టున వెలుగులో ఫొటోలు తీసి మూడు చోట్ల ఉంచండి: సంఘం కార్యాలయంలో ఒకటి, ఊరి బయట ఉండే సభ్యుడి దగ్గర ఒకటి, సంఘానికి పైస్థాయి కార్యాలయంలో ఒకటి. పాస్టరుగారు బదిలీ అయ్యే రోజున ఆస్తుల జాబితాలో కుర్చీలు, మైకులతో పాటు రిజిస్టర్ల పేర్లు, ఒక్కోదాంట్లో పేజీల సంఖ్య, ఆఖరి వరుస సంఖ్య రాసి ఇద్దరు పెద్దలు సంతకం చేయాలి.